పెర్సీ జాక్సన్: రెండు గంటల సినిమానా, ఎనిమిది భాగాల సిరీసా?

గ్రీకు సముద్రదేవుడి కొడుకు పెర్సీ గురించి రిక్ రియోర్డన్ 2005లో రాసిన నవల ‘ది లైట్నింగ్ థీఫ్’ తెర మీదకు రెండుసార్లు వచ్చింది. 2010లో క్రిస్ కొలంబస్ సినిమా తీశాడు. 2023 డిసెంబరులో ఎనిమిది భాగాల మొదటి సీజన్‌తో సిరీస్ మొదలైంది, దాని తయారీలో రియోర్డన్ కూడా ఉన్నాడు. ఈ రెంటిలో ఏది మేలో తేల్చడానికి ముత్యాలు లెక్కపెడితే చాలు.

నవలలో ఒక్కో ముత్యం ఒక్కో మనిషినే పాతాళం నుంచి బయటికి తెస్తుంది. ఉన్నవి మూడు. వెళ్లింది పెర్సీ, అతని స్నేహితులు ఆనబెత్, గ్రోవర్. లోపల బందీగా పెర్సీ వాళ్లమ్మ. మనుషులు నలుగురు, ముత్యాలు మూడు. అమ్మ కోసమే అంత దూరం వెళ్లిన పన్నెండేళ్ల గుంటడు చివరికి అమ్మనే వదిలి రావాలి. కథకు గుండెకాయ అదే.

సినిమా ఈ ముత్యాలను వేటగా మార్చేసింది. మ్యాపు పట్టుకుని మూడు ఊళ్లు తిరిగి ఏరుకోవడం, వీడియో గేములో లెవెల్ దాటినట్టు. తీరా పాతాళంలో గ్రోవర్ ఆగిపోతాడు, అమ్మ వచ్చేస్తుంది. పెర్సీ తేల్చుకోవాల్సిందేమీ మిగల్లేదు. సిరీస్‌లో నాలుగు ముత్యాలిస్తారు. ఇంకేం, సరిపోయాయనుకుంటాం. ఒకటి గ్రోవర్ పోగొడతాడు, ఒకటి ఆనబెత్ ముందే వాడేయాల్సి వస్తుంది. లెక్క మారినా మెలిక అక్కడికే వస్తుంది: అమ్మను వదలాలి. నవలను మార్చాలంటే ఇలా మార్చాలి.

సినిమా చేసిన అసలు తప్పు వయసు దగ్గర ఉంది. నవలల్లో దేవతల తలరాతను తేల్చే జోస్యం పెర్సీకి పదహారేళ్లు నిండే రోజుకు ముడిపడింది. అయిదు పుస్తకాలూ ఆ గడియారం మీదే నడుస్తాయి. సినిమా వాళ్లు మొదట్లోనే అతన్ని కారు నడిపే వయసు కుర్రాణ్ణి చేసేశారు. దాంతో 2013లో వచ్చిన రెండో సినిమాలో జోస్యాన్నే ఇరవై ఏళ్లకు జరపాల్సొచ్చింది. మొదటి సినిమా కథలో యుద్ధదేవుడు ఏరీస్‌కు పనే లేదు, దేవతల తండ్రి క్రోనోస్ వెనకుండి ఆడించడమూ లేదు. పునాదిలో లేని స్తంభాన్ని రెండో అంతస్తులో నిలబెట్టబోయారు. మూడో సినిమా రాలేదు.

పాత్రధారి వయసు పెరగడమే దోషమని కాదు. ‘ది హంగర్ గేమ్స్’లో పదహారేళ్ల కాట్నిస్‌గా ఇరవై దాటిన జెన్నిఫర్ లారెన్స్ వేసింది, చాలామందికి లోటు అనిపించలేదు. ఆ కథ వయసు గడియారం మీద నడవదు.

చూపుతో మనుషుల్ని రాళ్లు చేసే మెడూసా దగ్గర మాత్రం సినిమాదే పైచేయి. ఉమా థర్మన్ నడిచొస్తుంటే బొమ్మల తోటలో నిజంగానే బెదురు పుడుతుంది. ఐపాడ్ వెనకవైపు మెరుపును పెర్సీ అద్దంలా వాడటం పుస్తకంలో లేదు గాని భలే పొసిగింది. సిరీస్ పిల్లలు గడప దగ్గరే ‘ఈవిడ మెడూసా’ అని పోల్చేస్తారు. కాలం తెలియకుండా బంధించే లోటస్ క్యాసినోలోనూ అంతే, ఉచ్చు పడకముందే దాని పేరు చెప్పేస్తారు. చూసేవాడికి ఉత్కంఠ ఏం మిగిలింది? సిరీస్‌కున్న పెద్ద జబ్బు ఇదే, ప్రతిదీ మాటల్లో విప్పేయడం. ఐతే మెడూసా తన గోడు చెప్పుకునే చోట ఆ మాటలే బలమయ్యాయి.

ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు తెలుగు ఇళ్లకు ఇంకో లెక్క ఉంది. పెర్సీకి అక్షరాలు తేలిపోతుంటాయి. బుర్ర ప్రాచీన గ్రీకుకు అమరింది, బళ్లో చదువు ఇంగ్లీషులో. ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా అక్షరాలతో పెరిగే పిల్లలకు ఆ ఇబ్బందిని విడమరచి చెప్పక్కర్లేదు. అందుకే తెలుగు సబ్‌టైటిల్ పెట్టినా వాళ్లలో చాలామందికి చదవడం రాదు, చెవికి వినబడాలి. మొదలుపెట్టే ముందు ఆడియో జాబితా తెరిచి చూడండి. పోస్టరు మీద తెలుగు పేరు ఉన్నంత మాత్రాన లోపల తెలుగు మాట ఉంటుందని లేదు. సిరీస్‌లో గ్రోవర్‌గా వేసిన అబ్బాయి పేరు ఆర్యన్ సింహాద్రి. మనవైపు చెవులకు ఆ ఇంటిపేరు ఎంత దగ్గరో చెప్పాలా!

డేటా సంగతి. మామూలు క్వాలిటీలో గంటకు సుమారు ఒక జీబీ, హెచ్‌డీ పెడితే మూడు దాకా పోవచ్చు. రోజుకు ఒకటిన్నర జీబీ ప్యాకుతో హెచ్‌డీ సినిమా ఒక్క విడతలో అవదు, సగంలో చక్రం తిరుగుతూ కూర్చుంటుంది. సిరీస్ భాగం ముప్పావు గంట లోపే, మామూలు క్వాలిటీలో రోజుకొకటి హాయిగా సరిపోతుంది.

పదేళ్ల నుంచి పద్నాలుగేళ్ల వాళ్లకు సిరీసే పెట్టండి. సెలవురోజు చుట్టాల పిల్లలంతా చేరి ఒక్క సాయంత్రమే ఉంటే సినిమా చాలు. రెండూ చూసేవాళ్లు సిరీస్ ముందు చూడాలి. పిడుగు దొంగ ఎవరో సినిమాలోనూ బయటపడుతుంది గాని, వాడి వెనక ఎవరున్నారో అందులో లేదు.