ఇన్నేళ్లు విన్నాక ‘నో టైమ్ టు డై’ పాట

పాట విడుదలైన రాత్రే మార్కులు వేసేయడం మనకు సరదా. జేమ్స్ బాండ్ పాటల దగ్గర ఆ సరదా చెల్లదు. 2020 ఫిబ్రవరిలో బిల్లీ ఐలిష్ పాడిన ‘నో టైమ్ టు డై’ వచ్చినప్పుడు ఒడిశాలోని రాయగడలో మా ఇంట్లో రాజుకున్న వాదన ఇప్పటికీ చల్లారలేదు. కాకపోతే అప్పుడు అన్న మాటలు ఇప్పుడు ఎవరూ అనడం లేదు. అందుకే ఈ సమీక్ష ఇంత ఆలస్యంగా రాస్తున్నాను.

అప్పటికి ఐలిష్‌కు పద్దెనిమిదేళ్లు. బాండ్ సినిమాకు అంత చిన్న వయసులో పాడినవాళ్లు అంతకుముందు లేరు. అన్న ఫినియస్‌తో కలిసి పాట రాసింది కూడా ఆమే. మా అక్క కూతురికి ఆ ఒక్క సంగతి చాలు, పాట గొప్పదని తేల్చేసింది. పెదనాన్న మాత్రం రెండు నిమిషాలు విని, “ఇది బాండ్ పాటా, జోలపాటా?” అన్నారు. ఆయనది 1966లో కృష్ణ ‘గూఢచారి 116’ చూసి ఈలలు వేసిన తరం. కథానాయకుడు తెర మీదికి వస్తున్నాడంటే హాలు దద్దరిల్లాలంటారు. దానికి మా పిల్ల, “గూఢచారి వస్తున్నాడని ఊరంతా తెలిశాక ఇంకేం గూఢచారి తాతయ్యా!” అంది. ఈ మాటకు ఆయన ఇంతవరకూ సరైన జవాబు చెప్పలేదు.

అసలైన విమర్శ వీధి చివరి నుంచి వచ్చింది. అక్కడ పెళ్లిళ్లకు బ్యాండు మేళంలో ట్రంపెట్ వాయించే ఆయన ఒకరున్నారు. ఫోనులో పాటంతా ఓపికగా విని, “సగం దాకా మాకు పనే చెప్పలేదు బాబూ” అన్నారు. ఇది తీసిపారేయాల్సిన మాట కాదు. పాత బాండ్ సినిమాల సంగీత దర్శకుడు జాన్ బ్యారీ చేతిలో బాండ్ సంగీతం నిలబడిందే ఇత్తడి వాద్యాల మీద. 1964 నాటి ‘గోల్డ్‌ఫింగర్’లో షిర్లీ బాసీ నోరు విప్పకముందే ట్రంపెట్లు వచ్చి కూర్చుంటాయి. మరుసటి ఏడు ‘థండర్‌బాల్’ చివరి స్వరాన్ని పట్టి నిలిపేసరికి కళ్లు తిరిగాయని టామ్ జోన్స్ స్వయంగా చెప్పుకున్నారు. ఆ వరుసలో గుసగుసతో మొదలయ్యే పాట వస్తే బ్యాండు మేళం మనిషికి కడుపు మండదా?

ఇక వాడకం సంగతి. ఈ పాట ఎక్కడ పడితే అక్కడ పనిచేయదు. రైల్లో రాయగడ నుంచి కొరాపుట్ వెళ్లేటప్పుడు వినాలని చూస్తే దారి పొడవునా సొరంగాలే. బండి లోపలికి దూరిందంటే పియానో, గొంతు రెండూ ఆ హోరులో మాయం. ఫోను రింగుటోనుగా అయితే మరీ దండగ, పాట చెవిన పడేలోపే అవతలివాళ్లు పెట్టేస్తారు. చిన్న స్పీకరులో పెడితే గాలి మాత్రం వినిపిస్తుంది. మంచి ఇయర్‌ఫోన్లు, రాత్రి పూట, ఫ్యాను కాస్త తగ్గించి వినాలి. అప్పుడు ఆమె ఊపిరి తీసుకోవడం దగ్గర నుంచి అన్నీ తెలుస్తాయి. పియానో మీద ఒకే చిన్న వరుస తిరుగుతూ ఉంటుంది, దాని వెనక వయొలిన్లు మెల్లగా పేరుకుంటాయి. అంతసేపూ అణచిపెట్టిన గొంతును చివర్లో ఒక్కసారి పూర్తిగా వదులుతుంది. ఆ తర్వాత జానీ మార్ గిటారు మీద ముగింపు స్వరాలు. 1962లో ‘డాక్టర్ నో’తో వచ్చిన అసలు బాండ్ సంగీతం ఆగేది కూడా ఆ స్వరాల మీదే. పాటంతా బాండ్‌ను దూరం పెట్టి చివర్లో సంతకం మాత్రం అతనిది చేయించారన్నమాట. ఇన్నేళ్ల తర్వాత కూడా నన్ను కూర్చోబెట్టేది ఆ సంతకమే.

విసుగు పుట్టించేది మధ్య భాగం. పల్లవి రెండోసారి వచ్చేటప్పటికి వాద్యాలు పెరిగాయే తప్ప కొత్త మాట రాలేదు. అక్కడ ముందుకు జరపాలనిపిస్తుంది, చాలాసార్లు జరుపుతాను కూడా.

ఈ పాటకు ఇంకో విచిత్రం జరిగింది. 2020 ఏప్రిల్‌లో రావలసిన సినిమా కరోనా వల్ల వాయిదాల మీద వాయిదాలు పడి 2021 సెప్టెంబరు 30న విడుదలైంది. ఆ ఏడాది మార్చిలో పాటకు గ్రామీ వచ్చేసింది, సినిమా ఇంకా డబ్బాలోనే ఉంది! అన్నాళ్లూ మేము దాన్ని ఎవరో మోసపోయిన ప్రేమికురాలి గోడుగా విన్నాం. విశాఖపట్నం వెళ్లి తెలుగు మాటలతో సినిమా చూశాక లెక్క మారింది. ఇటలీలోని మతేరాలో ప్రేయసి మాడలీన్ తనను పట్టించిందని బాండ్ నమ్ముతాడు, ఆమెను రైలెక్కించి వెనక్కి తిరుగుతాడు. పాట మొదలయ్యేది ఆ వెంటనే. గోడు పడేది ఆమె కాదు, అతను. పైగా అతని అనుమానం తప్పని ప్రేక్షకుడికి తర్వాత తెలుస్తుంది. నేపథ్య సంగీతంలో హాన్స్ జిమ్మర్ ఈ వరుసనే మళ్లీ మళ్లీ తెచ్చారు. విడిగా వింటే పాటకు ఏడు మార్కులు, సినిమాలో దాని చోట వింటే తొమ్మిది. ఇంత తేడా మరే బాండ్ పాటలోనూ నాకు కనిపించలేదు.

పెదనాన్న మాత్రం హాల్లోంచి విజయగర్వంతో బయటికొచ్చారు. సినిమా ముగింపులో వినిపించేది 1969 నాటి లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ పాట కదా! “చూశావా, చివరికి పాత పాటే దిక్కయింది” అని రాయగడ చేరేదాకా అంటూనే ఉన్నారు.

బహుమతులతో మాకు తగవు తీరలేదు. ఆడెల్ ‘స్కైఫాల్’, శామ్ స్మిత్ పాట, ఇది, వరుసగా మూడు బాండ్ పాటలకూ ఆస్కార్ వచ్చింది. పాల్ మెకార్ట్‌నీ 1973 పాట, కార్లీ సైమన్ 1977 పాట నామినేషన్ దగ్గరే ఆగిపోయాయి. ‘గోల్డ్‌ఫింగర్’ పాటకైతే అదీ దక్కలేదు. శామ్ స్మిత్ పాట మొదట్లో నాకు తెగ నచ్చింది, ఇప్పుడు ఆ సన్న గొంతును పూర్తిగా వినలేను. ఐలిష్ పాట దానికి ఎదురు దారిలో నడిచింది. నా వరుసలో దీనిది నాలుగో స్థానం: ‘గోల్డ్‌ఫింగర్’, మెకార్ట్‌నీ, ‘స్కైఫాల్’ తర్వాత. అక్క కూతురు ఒప్పుకోదు.

2025లో బాండ్ సినిమాల పగ్గాలు అమెజాన్ ఎంజీఎం చేతికి వెళ్లాయి, తర్వాతి చిత్రానికి దర్శకుడిగా డెనీ విల్నవ్ పేరు ప్రకటించారు. కొత్త పాట ఎవరు పాడాలన్న దాని మీద మా పిల్ల అప్పుడే పందేలు కాస్తోంది. ట్రంపెట్ ఆయనకు పాడేదెవరైనా ఫరవాలేదట, మొదటి నిమిషంలోనే తన వాద్యం వినిపించాలట. ఈ ఒక్క విషయంలో నేనూ, పెదనాన్న ఆయన పక్షమే.