పిల్లి చేతివాటం, పజిల్ ట్యూబ్: 5కి 3 స్టార్లు

మా పిల్లిపిల్లలు రెండిటికీ చేతివాటం ఉందని ముందే తెలుసు, మూత పెట్టిన డబ్బాని కూడా బతకనివ్వవు. అది కుడిచేతి వాటమా, ఎడమచేతి వాటమా తేలుద్దామని ఈ పజిల్ ట్యూబ్ తెప్పించాను. లోపలికి కనిపించే ప్లాస్టిక్ గొట్టం, ఒక పక్క కన్నం. మూతి పట్టదు, కాలు పెట్టి లోపలి పిల్లిమేత గింజ లాక్కోవాల్సిందే. పది నిమిషాల్లో తేలిపోతుందని అట్టపెట్టె మీద రాశారు.

నాకు తొమ్మిది నెలలు పట్టింది. మూడు నెలల వయసులో మొదలుపెట్టి, మళ్లీ ఆరు నెలలకి, ఏడాదికి, విడతకి రోజుకి పదిసార్ల చొప్పున వందసార్లు నోట్‌బుక్కులో గీతలు గీశాను. మొదటి విడతలో బుజ్జి (ఆడది) 52 సార్లు కుడికాలు, బంటి 47. అంటే బొమ్మా బొరుసూ వేసినట్టే. తప్పు వాటిది కాదు. బెల్‌ఫాస్ట్‌లోని క్వీన్స్ యూనివర్సిటీ వాళ్లు పిల్లిపిల్లల్ని 12 వారాలకి, ఆరు నెలలకి, ఏడాదికి పరీక్షిస్తే, ఒక కాలి మీద మొగ్గు ఏడాదికి గానీ గట్టిపడలేదు. ఆడవి కుడికి, మగవి ఎడమకి మొగ్గాయి. ఆ వయసు సంగతి పెట్టె మీద ఒక్క ముక్క లేదు.

ఈ కుడిఎడమల తేడా రావడానికి కోడిపిల్లలకి ఇంత ఆలస్యం లేదు, వాటిది కంటి వాటం. గుడ్డులో చివరి రోజుల్లో ఎడమకన్ను ఒంటి చాటున, కుడికన్ను పెంకు వైపు ఉంటాయి. వెలుగు కుడికంటికే తగులుతుంది, పుట్టాక గింజనీ రాయినీ విడదీయడంలో ఆ కన్నే ముందుంటుంది. చీకట్లో పొదిగితే ఆ తేడా రాదు.

ఇక అసలు లోపం. ఆరు నెలలప్పుడు బంటి 68 సార్లు కుడికాలు వాడింది. సంబరపడి రెండ్రోజులయ్యాక చూశాను: కన్నం మూత ఎడమవైపు తెరుచుకుని అక్కడే అడ్డంగా నిలబడుతోంది, పాపం ఎడమకాలు పెట్టే చోటేదీ? స్క్రూడ్రైవర్‌తో మూత ఊడబీకి, ట్యూబుని గోడ పక్కనుంచి గది మధ్యకి జరిపి మళ్లీ లెక్కపెడితే 53!

కొనేవాళ్లు ఆ మూత తీసేయండి. ముందుకాళ్లు రెండూ నేల మీద ఆనాకే మళ్లీ లెక్కపెట్టండి, వరసగా కెలికితే అదంతా ఒక్కసారే.

ఏడాది నిండాక బుజ్జి 81 సార్లు కుడికాలే. బంటి మాత్రం ఎడమ 56 దగ్గర ఆగింది. ఇప్పుడు కాలు పెట్టడమే మానేసి, తలతో ట్యూబుని బోర్లా దొర్లించి గింజలు నేల మీద తింటోంది.