ఏడు ఎర్ర కుట్లు

రంగులతో పాటు కాగితం, దారం కూడా కలిపి చేసిన ఈ బొమ్మ, ఈ పెయింటర్ వేసిన వాటిలో నా దగ్గరున్న రెండోది. మొదటిది మామూలు వాటర్ కలర్, నెమ్మదైన రంగులు. ఇది చూశాక వేసింది అదే చెయ్యేనా అనిపించింది. పసుపు, రాణి రంగు, నెమలికంఠం నీలం పక్కపక్కనే ఉన్నా ఒకదాన్నొకటి మింగలేదు.

ఎడమ మూల దగ్గరే ఎక్కువసేపు నిలబడతాను. నలిపి అంటించిన టిష్యూ కాగితం మీద పల్చటి ఆక్రిలిక్ (నీళ్లతో కలిపే రంగు) వేశారు. రంగు మడతల్లోకి దిగి, ఎండాక ఆకు ఈనెల్లా తేలింది. దాని మీద ఎర్ర దారంతో ఏడు కుట్లు. లెక్కపెట్టాను. ముడులు కూడా దాచలేదు!

పికాసో 1912లోనే కాన్వాస్ మీద ఆయిల్‌క్లాత్ అంటించి, చుట్టూ తాడు కట్టాడు. కాబట్టి అంటించడం కొత్తేం కాదు, అంటించింది బొమ్మలో కలిసిపోవాలి. ఇక్కడ ముప్పాతిక వంతు కలిసింది.

ఒక్కటే ఫిర్యాదు. కింద ఆయిల్ పాస్టెల్ (నూనె, మైనం కలిపిన రంగు పుల్ల) గీసి పైన ఆక్రిలిక్ వేసిన చోట రంగు పెచ్చులూడుతోంది. నూనె, మైనం మీద ఆక్రిలిక్ పట్టదు కదా, పాస్టెల్ పైన రావాలి. అడిగితే "ప్రయోగం" అన్నారు. నా గోడ మీదా, సార్?

అయినా మూడోదానికి చెప్పాను, పాస్టెల్ పైనే ఉండాలన్న షరతుతో.