పాత షాప్‌స్మిత్ మార్క్ ఫైవ్, బాగు చేసి వాడాక

షాప్‌స్మిత్ మార్క్ ఫైవ్ అంటే చెక్కపని మెషిన్. 1950లలో వచ్చిన డిజైన్ ఇప్పుడేం పనికొస్తుందిలే అనుకున్నా కానీ తుప్పు గీకి, మోటారు భాగం జరిగే ట్యూబులకి వ్యాక్స్ పట్టించి, కొత్త బెల్టు, బేరింగులు వేశాక భలే స్మూత్‌గా తిరుగుతోంది. ఒక్క మోటారుతోనే రంపం, లేత్, నిలువు డ్రిల్, అడ్డం డ్రిల్, చెక్క నునుపు చేసే డిస్క్ శాండర్ ఐదూ అయిపోతాయి. డోవెల్ (చెక్కల్ని జోడించే చెక్క పుల్ల) కన్నాలకైతే ఆ అడ్డం డ్రిల్ సూపరంతే. రంపం దగ్గరే విసుగు, బ్లేడు వంగదు టేబులే వంచాలి, పెద్ద ప్లైవుడ్ షీటు పెడితే ఇక కుస్తీనే. పని మార్చినప్పుడల్లా సెట్టింగ్ మళ్ళీ చూసుకోవాలి, ఓపిక లేనోళ్ళకి వద్దు. అన్నట్టు స్పీడ్ డయల్ మోటారు తిరుగుతున్నప్పుడే తిప్పాలి, నేను ఆపేసి బలంగా తిప్పా, లోపల కంట్రోల్ దెబ్బతిని మళ్ళీ హెడ్‌స్టాక్ (మోటారు ఉండే పెట్టె) మొత్తం విప్పుకుని కూర్చున్నా.