బూడిద రంగు ‘అర్బన్ కామో’ జాకెట్: రెండు నెలలు వాడాక

పదిహేడేళ్లు ఆర్మీలో చేసి రిటైరయ్యాను. ఇప్పుడు పక్షుల ఫొటోలే నా లోకం. సైనిక్‌పురిలో మా ఇంటి వెనక ఖాళీ స్థలంలోని వేపచెట్టు మీద మార్చిలో షిక్రా డేగ గూడు కట్టింది. మేడ మీద నేను కనిపిస్తే చాలు, ఎగిరిపోయేది. అందుకే ఆన్‌లైన్‌లో 1,850 రూపాయలు పెట్టి ఈ కామో (చుట్టూ ఉన్నవాటిలో కలిసిపోయే రంగుల) జాకెట్ తెప్పించాను. ఊళ్లో గోడల మధ్య అసలు కనపడరని రాశాడు అమ్మినతను.

కుట్టు గట్టిది, జేబులు పెద్దవి. కానీ జేబు మూతలకి వెల్‌క్రో. బ్యాటరీ తీద్దామని లాగితే చర్రుమంది. డేగ మెడ తిప్పి సూటిగా నావైపే చూసింది. మర్నాడే ఆ పట్టీలు విప్పించి గుండీలు పెట్టించాను.

ఇక అసలు సంగతి. జాకెట్ వేసుకుని పిట్టగోడ పక్కన కూర్చుని, మా ఆవిడని వీధి చివర నుంచి చూడమన్నాను. “తలా భుజాలూ తెలిసిపోతున్నాయండీ” అంది. దగ్గర్నుంచి చూస్తే చిన్న చిన్న గళ్లు ముచ్చటగానే ఉంటాయి. ముప్పై అడుగులు దాటాక అవన్నీ కలిసిపోయి ఒకటే లేత బూడిద ముద్ద. అమెరికా సైన్యం 2004లో తెచ్చిన యూసీపీ (యూనివర్సల్ కామఫ్లాజ్ ప్యాటర్న్) అనే గళ్ల డ్రెస్సుకీ ఇదే జబ్బు. ఎడారికీ అడవికీ ఊరికీ ఒకటే అన్నారు, గళ్లు విడివిడిగా తెలియడానికి నలుపు మాత్రం పెట్టలేదు. 2010లో అఫ్గానిస్తాన్ వెళ్లే దళాలకి వేరే డిజైన్ ఇవ్వాల్సి వచ్చింది.

ఊళ్లో గళ్లు పనికిరావని కాదు. 1980ల్లో బెర్లిన్‌లోని బ్రిటిష్ దళం చీఫ్‌టెన్ ట్యాంకులకి తెలుపు, బూడిద, గోధుమ రంగుల్లో పెద్ద పెద్ద చదరాలు వేసింది. ఊరంటేనే కిటికీలు, గుమ్మాలు, గోడ అంచులు కదా, వాటిలో కలిసిపోవాలని. వీధి మూల ఆగిన ట్యాంకుకి అది సరే. మనిషి నాలుగడుగులు వేస్తే వెనక గోడే మారిపోతుంది: సున్నం, ఇటుక, నల్లటి నీళ్ల ట్యాంకు.

ట్రైనింగ్‌లో మాకు నేర్పింది ఆకారం, మెరుపు, నీడ, కదలిక. కిటికీ అంచుకి రాకు, గది లోపలికి జరుగు అనేవాళ్లు. అదే చేశాను. మెట్లగది తలుపు సగం తెరిచి, ఆరడుగులు లోపల స్టూలు వేసుకుని, పాత ముదురు గోధుమ రంగు చొక్కాతో కూర్చున్నాను. నలభై నిమిషాలకి డేగ తొండని పట్టుకొచ్చి, నా కళ్లెదుటే చీల్చి పిల్లలకి పెట్టింది. మర్నాడు అదే చోట ఈ జాకెట్‌తో కూర్చుంటే, చీకట్లో లేత రంగు కొట్టొచ్చినట్టు కనపడి గూటి మీదికి రానే లేదు.

తెల్లవారుజామున, ఎండ పడకముందు, సిమెంటు గోడకి ఆనుకుని కదలకుండా ఉంటే మాత్రం బాగానే కలిసిపోతుంది. అంతవరకు ఒప్పుకుంటాను.

ఒక్క మనవి. దీనికి బదులుగా 2022లో మన ఆర్మీ తెచ్చిన కొత్త డ్రెస్సు లాంటి బట్ట బజార్లో దొరికినా కొనకండి. అది సైనికుడి ఒంటి మీదే ఉండాలి.

నా మార్కులు ఐదుకి రెండు, అవీ జేబులకే. మే నెలాఖరులో రెండు పిల్లలూ ఎగిరాయి. మంచి ఫొటోలన్నీ ఆ పాత చొక్కాతో తీసినవే.