జమైకా చేపల వేపుడు: ఎస్కోవిచ్ మేలా, బ్రౌన్ స్ట్యూ మేలా?

తలా తోకా ఉంచి వేయించిన చేప మీద వెనిగర్‌లో మరిగించిన ఉల్లి, క్యారెట్, మిరపకాయ పోస్తే ఎస్కోవిచ్. అదే చేపను టమాటా గ్రేవీలో మగ్గిస్తే బ్రౌన్ స్ట్యూ. ఎస్కోవిచ్ అన్న పేరు స్పెయిన్ వాళ్ళ ఎస్కబేచే నుంచి వచ్చింది. 1655 దాకా జమైకా వాళ్ళ చేతిలోనే ఉండేది.

రెండింటికీ అసలు పని వేయించడంలోనే ఉంది. అర కిలో తూగే ఎర్ర స్నాపర్లు రెండు తీసుకుని పొలుసు గీకి, పేగులూ మొప్పలూ తీసి, నిమ్మరసం కలిపిన నీళ్ళతో కడగండి. రెండు వైపులా ముల్లు తగిలేదాకా మూడేసి గాట్లు పెట్టి, ఒకటిన్నర చెంచాల ఉప్పు, చెంచాడు మిరియాల పొడి గాట్లలోకి, పొట్టలోకి పట్టించి అరగంట ఉంచండి. మన అలవాటు కొద్దీ కారం, పసుపు పట్టించవద్దు. పది పన్నెండు నిమిషాల వేపుడులో కారం మాడి చేదెక్కుతుంది. తర్వాత పొడిగుడ్డతో అద్దండి, ముఖ్యంగా పొట్ట లోపల. నూనె ఎగిరి చేతులు కాలేది అక్కడ మిగిలిన తడి వల్లే. మూకుడులో రెండు సెంటీమీటర్ల లోతు నూనె 180 డిగ్రీలకు కాగాక చేప వేసి, ఐదారు నిమిషాలు కదపకండి. అడుగు వైపు గట్టిపడితే చేప తనంతట తానే ఊడివస్తుంది. తొందరపడితే తోలు మూకుడుకే అంటుకుపోతుంది.

ఎస్కోవిచ్‌కు రెండో వైపు కూడా కరకరలాడేదాకా వేయించాలి. కప్పు తెల్ల వెనిగర్, చెంచాడు పంచదార, అర చెంచా ఉప్పు, పది పిమెంటో గింజలు మరగనిచ్చి, చక్రాలుగా తరిగిన ఉల్లిపాయ, క్యారెట్, బెంగళూరు వంకాయ ముక్కలు, స్కాచ్ బానెట్ మిరపకాయ ఒకటి వేసి రెండే నిమిషాలు ఉంచండి. కూరగాయలు మెత్తబడితే రుచంతా పోయినట్టే. పిమెంటో అంటే ఆల్‌స్పైస్, చలవమిరియాలు కాదు. స్కాచ్ బానెట్ దొరక్కపోతే హబనేరో వేయండి. పచ్చిమిర్చి ఘాటు ఇస్తుంది గానీ ఆ పండు వాసన ఇవ్వదు.

బ్రౌన్ స్ట్యూకైతే రెండో వైపు నాలుగు నిమిషాలు చాలు, మిగతాది గ్రేవీలో ఉడుకుతుంది. రెండు చెంచాల నూనె ఉంచి మిగతాది వంపేసి, ఉల్లి, వెల్లుల్లి, క్యాప్సికం, టమాటా, థైమ్ రెమ్మలు మగ్గించి, కప్పు నీళ్ళు, కాస్త మాడ్చిన పంచదార పాకం పోయండి. మిరపకాయ చిదపకుండా నిండుకాయే వేయాలి. పగిలితే పిల్లలు తినలేరు. చేప వేశాక సన్న సెగ మీద ఐదు నిమిషాలు. గరిటెతో తిప్పకండి, మూకుడునే అటూ ఇటూ ఊపండి.

మొదటిసారి చేసేవాళ్ళకు ఎస్కోవిచ్చే మేలు. వేపుడు కుదిరిందో లేదో నోట్లో పెట్టగానే తెలుస్తుంది. బామీ అనే కర్రపెండలం రొట్టె పక్కన ఉంటే ఇంకేమీ అక్కర్లేదు. కరకర కావాలంటే వెనిగర్ వడ్డించే ముందు పోయండి. పులుపు ముల్లుదాకా దిగాలంటే రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచండి. రెండూ ఒకేసారి దొరకవు. అన్నంలోకి మాత్రం బ్రౌన్ స్ట్యూ. చేప తిప్పేటప్పుడు విరిగినా, తోలు ఊడినా కూడా అదే చేయండి. గ్రేవీ కింద ఆ లోటు కనపడదు.