మూడేళ్లు వాడాక: నా వెల్డింగ్ షాపులో జర్మన్ ట్రైనింగ్ నుంచి వచ్చిన మార్కుల కాగితం

విశాఖలో ఐటీఐ వెల్డర్ ట్రేడు ఇన్‌స్ట్రక్టర్ని. 2022లో జర్మన్ సహకారంతో మాకు 12 రోజులు ట్రైనింగ్ ఇచ్చారు. సర్టిఫికెట్టు, బ్యాగు, గ్రూప్ ఫొటో సంగతి వదిలేద్దాం. ఇప్పటికీ నా చేతిలో మిగిలింది ఒక్క కాగితం, కుర్రాడు తన మార్కులు తానే వేసుకునే ఫారం.

జాబ్ (వెల్డ్ చేయమని ఇచ్చిన ముక్క) అయ్యాక నా దగ్గరికి తెచ్చేముందు కుర్రాడే గేజీతో కొలుచుకుని తన మార్కులు తానే వేసుకోవాలి. పక్క గడిలో నేను వేస్తాను. తేడా వస్తే కూర్చుని మాట్లాడుకోవాలి. తెలుసుకోవడం, ప్లాన్ వేసుకోవడం, నిర్ణయించుకోవడం, చేయడం, చెక్ చేసుకోవడం, బేరీజు వేసుకోవడం అనే జర్మన్ల ఆరు మెట్లలో చివరి రెండూ ఇవే. సీఐటీఎస్‌లో, అంటే ఇన్‌స్ట్రక్టర్ల శిక్షణ కోర్సులో, మనకి నేర్పే నాలుగు మెట్లలో ఆఖరిది పరీక్ష, అది మాస్టారి పని. పదకొండేళ్లు నేనూ అంతే: "అండర్‌కట్ (వెల్డ్ అంచున గాడి) ఉంది, ఆరు మార్కులు, ఫో." కాగితం వచ్చిన నెలకే కుర్రాళ్లు స్లాగ్ (వెల్డ్ మీద పేరుకునే పెంకు) సరిగ్గా కొట్టకుండా జాబ్ తేవడం మానేశారు. ఆ ఉత్సాహంలో తోటివాళ్లందరికీ జెరాక్సులు పంచాను.

మరుసటి జూలైలో 7018 రకం వెల్డింగ్ రాడ్లతో చేయించిన ప్రతి బీడ్‌లోనూ (వెల్డ్ గీతలోనూ) బ్లోహోల్స్, అంటే గాలి బొక్కలు. కాగితాలు చూస్తే "ఆర్క్ పొడుగైంది", "చెయ్యి వణికింది", "స్పీడ్ ఎక్కువైంది". 20 మందీ తమనే తిట్టుకున్నారు. నేనూ తలాడించి మార్కులు కోశాను. ఐదో రోజు ఒక శ్రీకాకుళం కుర్రాడు గడులన్నీ ఖాళీగా వదిలేసి అడుగున రాశాడు: రాడ్డు చెమ్మగా ఉంది. తప్పు రాడ్డు మీదకి నెడతావా అని కసిరాను. "సీలు తియ్యని పేకెట్లోది ఒక్కటి ఇయ్యండి మాస్టారూ, సూద్దాం" అన్నాడు. బీడ్ శుభ్రంగా వచ్చింది.

మే నెలలోనే రాడ్లు ఆరబెట్టే మా ఓవెన్ హీటర్ కాలిపోయింది. కొత్తది కావాలని ఇండెంట్ పెట్టి మర్చిపోయాం. చెమ్మ పట్టిన 7018ని 300 డిగ్రీల పైన కాల్చి ఆరబెట్టకపోతే ఆ నీరు ఆర్క్‌లో గ్యాస్‌గా మారి బీడ్‌లో చిక్కుకుంటుంది. హైడ్రోజన్ లోహంలోకి దిగితే తర్వాత పగుళ్లు కూడా. మన సముద్రపు గాలికి, అందులో వానాకాలంలో, విప్పిన పేకెట్టు పాడవడానికి ఒక పూట చాలు. థియరీ క్లాసులో ఈ ముక్క చెప్పింది నేనే!

ఆ కాగితంలో సరుకు గురించి, మెషిన్ గురించి ఒక్క గడి లేదు. జర్మనీలో కుర్రాడు వారంలో మూడు నాలుగు రోజులు కంపెనీలోనే పని నేర్చుకుంటాడు, ఓవెన్ చెడితే ఆ పూటే ఎవరో ఒకరు అరుస్తారు. గడులు చేర్చుకోవచ్చా అని అడిగితే ఫారం అందరికీ ఒకేలా ఉండాలని జవాబొచ్చింది. అయినా చేర్చేశాను: రాడ్డు ఆరిందా, ఎర్త్ క్లాంప్ గట్టిగా ఉందా, ఆంపియర్ ఎంత. ఆర్క్ కొట్టేముందే రాయాలి.

ఇంకోటి, జెరాక్సులు పంచినప్పుడు చెప్పనిది. 20 మందితో విడివిడిగా కూర్చోవడం అయ్యే పని కాదు. ఇప్పుడు వారానికి ఒక్క జాబ్‌కే వాడుతున్నాను. పైగా, ఒక మార్కు తక్కువేసుకుంటే సార్ మెచ్చుకుంటాడని కుర్రాళ్లు కనిపెట్టేశారు.

పక్క షాపు ఫిట్టర్ మాస్టారు మూడు నెలలకే వదిలేశాడు. మైక్రోమీటర్ కొలత చెప్పాక ఇంక మాట్లాడుకునేదేముంది అంటాడు. నా కుర్రాళ్లు గాజువాక షెడ్లకీ షిప్‌యార్డ్ కాంట్రాక్టు పనులకీ వెళ్తారు. అక్కడ టెస్ట్ ప్లేట్ కొట్టి (పరీక్షగా ఒక ప్లేటు వెల్డ్ చేసి) చూపించాకే పని. తప్పు తామే పట్టుకోవడం వాళ్లకి పనికొస్తోంది, కాబట్టి నేను వాడుతూనే ఉన్నాను. హీటర్ సెప్టెంబర్‌లో వచ్చింది.